తొంభై రోజులకోసారి

గ్రిమ్స్‌బీలో శనగల్లాంటి వడగళ్ళు పడుతున్న మధ్యాహ్నం
బ్లాంచర్డ్ గారి కాలిగోళ్ళు తీయడానికి వెళ్ళాను.
చక్కెర జబ్బు మనిషి. ఆయన చేతికి కత్తెర ఇవ్వకూడదు.

గుమ్మం బయట ఒక్క జత బూట్లు, తడుస్తూ.
ఈ ఊళ్ళో ఎవరింటికెళ్ళినా
తివాచీ మీద బూట్లతోనే నడిచి నడిచి
ఆ సిగ్గు ఎప్పుడో చచ్చిపోయింది నాకు.
ఆ పూట మాత్రం విప్పాను.
నా మేజోడుకి చిల్లుంది. ఆయన చూశాడు,
చూడనట్టు గోడ గడియారం వైపు తిరిగాడు.

కుర్చీలో కూచున్నాడు గానీ
పాదం నా ఒళ్ళోకి రాదు.
"మీ మొహానికి ఎదురుగా చాపడమంటే..." అని నసిగి
పక్కకి మడుచుకుంటాడు, గుళ్ళో కూచున్నట్టు.
పదిహేడేళ్ళు ఉదోన్ అవతల ఓ పల్లెలో ఉన్నాడట.
ఆ ఊరి భాష చాలావరకు మర్చిపోయాడు,
మోకాళ్ళు మర్చిపోలేదు.

నేనేం చెప్పను? మాకూ అంతే.
బస్సులో ఎవరికైనా కాలు తగిలితే
చెయ్యి దానంతటదే కళ్ళదాకా పోతుంది.
ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో
రోజుకి తొమ్మిది మంది కాళ్ళు పట్టుకుని
ఒక్క దీవెనా లేకుండా ఇల్లు చేరేదాన్ని.

గోరు నానేదాకా ఏదో ఒక మాట కావాలి.
"ఏం చేసేవారక్కడ?"
ఊడ్చేవాడట. పొద్దున్నే, లాందువాన్ ఊడ్చిన చోటే మళ్ళీ.
ఆవిడకి ఒళ్ళుమంట.
నాటు వేయడం రాదు, బేరమాడటం రాదు,
పెళ్ళిళ్ళలో మాత్రం ఫొటోకి మధ్యలో నిలబెట్టేవారు,
ఎవరి పెళ్ళో తెలిసేది కాదు.
పిల్లలు "ఫరంగ్, ఫరంగ్" అని వెంటపడేవారు.
అక్కడ తెల్లవాడికీ జామకాయకీ ఒకటే మాట.
సంతలో ఎవరో కేకేస్తే వెనక్కి తిరిగేవాడు.
కిలో ఎంతో చెబుతున్నారంతే.

నవ్వొచ్చి నా చేతిలో కత్తెర ఆగింది.
మా నాయనమ్మ నోటా మీరు పరంగివాళ్ళే, అన్నాను.
జామకాయని మాత్రం జామకాయే అనేది,
ఉప్పూ కారం అద్దుకుని గింజలతో సహా నమిలేది.
"ఉప్పు, కారం, కాస్త చక్కెర" అని దిద్దాడు.
చక్కెర అన్నాక
తప్పు చేసిన పిల్లాడిలా నా మొహం చూశాడు.

ఆవిడ పోయింది. పొలం ఆవిడ పేరు, ఇల్లు ఆవిడ పేరు.
బావమరిది పొమ్మనలేదు.
ఆ పొమ్మనకపోవడాన్ని
ఎన్నాళ్ళని వింటూ కూచుంటాడు మనిషి?

పుట్టింది ఇక్కడే, మూడు వీధులవతల.
మాంసం కొట్టువాడు అడిగాడట, ఏ దేశం మీది అని.
ఊరబెట్టిన చేప వండుకుంటే
పక్కింటామె కంపని ఫిర్యాదు పెట్టింది,
చేపల మీదే బతికిన ఊళ్ళో.

సొరుగులోంచి పాత పాస్‌పోర్టు తీశాడు.
తొంభై రోజులకోసారి పట్నం పోయి
నేనింకా ఉన్నానని చెప్పుకునేవాడట.
ఉన్నాడని చీటీ ఇచ్చేవారు.
చీటీ మీద చీటీ, పిన్నులు తుప్పుపట్టి
చివరి పేజీ గోధుమరంగుకి తిరిగింది.
"విసుక్కునేవాణ్ణి. బల్ల మీద గంటల తరబడి.
ఇక్కడ ఎవరూ అడగరు."

గోళ్ళు కాగితంలో పొట్లం కట్టాను.
మడమ పగుళ్ళకి మందు రాశాను.
ఈసారి కాలు తీసుకోలేదు.
కార్డు మీద వచ్చే తారీకు వేస్తుంటే
"ఎన్నాళ్ళకి?" అన్నాడు.
పన్నెండు వారాలు.
వేళ్ళు మడిచి లెక్కపెట్టి
"ఎనభై నాలుగు. ఆరు రోజులు ముందే," అన్నాడు.
"ఆలస్యమైతే జరిమానా ఉండేది."

కార్డుని ఆ చీటీల పక్కన దోపుకున్నాడు.
స్టాంపు వేస్తారా అని అడగలేదు గానీ
అడుగుతాడేమోనని నేను సంతకం మళ్ళీ దిద్దాను,
కాస్త పెద్దదిగా.

బయట నా బూట్ల నిండా వడగళ్ళు.
ఆయన బూట్లలోనూ.
రెండు జతలూ బోర్లించి
ఒకటి తొడుక్కున్నాను.