ఎక్స్, ఎన్, రెండు అడ్డగీతలు

నలభై రెండేండ్లుగా చిత్తూరులో
పేర్లు రాసి బతికినా.
సంతపేట బెల్లం మండీలు,
మురకంబట్టు దారిలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీల గోడలు,
గిరింపేటలో మూతబడిన సోడా అంగడి.
అంగడాయన పోయి పదేండ్లు.
"చెంగల్రాయ సోడా" మటుకు ఇంకా గోడమీదే ఉండాది.
ఎనామిల్ పెయింటు. డబ్బు ఒక్కసారే.

ఫ్లెక్సీలొచ్చినాక కుంచెలు ఎండిపోయినాయి.
కంప్యూటర్ సెంటరు మోహనవల్లి చెప్పింది:
"మామా, నెట్లో నీకొక పేరుండాల.
తెలుగు అక్షరాల్లోనే దొరకతాది ఇప్పుడు,
పేరు రాసి, చుక్క పెట్టి, భారత్ అని."
చుక్క పెట్టడం నాకు తెలిసిన పనే.
తొంభై తొమ్మిది రూపాయలు.
స్క్రీను మీద ఏకాంబరం వెలిగినాడు,
రెండు సున్నాలూ గుండ్రంగా.
'ర' తలకట్టు కొంచెం వంకర. పోనీలే అనుకున్నా.

రెండో ఏడు బిల్లు పదకొండు వందల నలభై తొమ్మిది.
అడగని తాళమొకటి, అడగని గొడుగొకటి
వాళ్ళే టిక్కు పెట్టి పంపినారు.
గొడుగు తీసేసి కట్టినా.
మూడో ఏడు బిల్లే రాలా.
వచ్చిందంట, మోహనవల్లి పాత ఈమెయిలుకి.
ఆ పిల్ల పెండ్లయి గుడియాత్తం పోయింది,
సెంటరిప్పుడు మొబైల్ కవర్ల అంగడి.

పలమనేరు హోటలాయన ఫోన్ చేసి నవ్వినాడు:
"ఏమప్పా ఏకాంబరం, బోర్డులు మానేసి
పేకాట ఆడిస్తా ఉండావా?
నీ పేరు నొక్కితే రమ్మీకి రమ్మంటా ఉండాది."

తెలుగుకు నాలుగు నొక్కమన్నారు. నొక్కితే హిందీ.
మీ కాల్ మాకు చాలా ముఖ్యం అని
ఇరవై నిమిషాలు పిల్లనగ్రోవి వినిపించినారు.
స్పీకరు పెట్టుకుని తలుపుకి ప్రైమరు కొట్టినా.
ఇంకో రోజు, ఇంకో పిల్లనగ్రోవి. రెండో కోటు కూడా అయ్యింది.

ఒకడు ఓటీపీ చెప్పమన్నాడు.
అది గుడియాత్తం పోయింది నాయనా అంటే పెట్టేసినాడు.
ఒకడు ఆధార్ పంపమని, పంపినాక,
"దీంట్లో సి. ఏకాంబరం, మా దాంట్లో ఏకాంబరం ఆర్ట్స్.
ఇద్దరూ ఒకరే అనేదానికి రుజువు?"
ఒకామె, "అట్లాంటి పేరు మా దగ్గర లేనే లేదు సార్."
చాటింగులో ఎవురో, మనిషో మిషనో,
నాలుగుసార్లు క్షమించమన్నారు,
గోడకు స్టెన్సిల్ కొట్టినట్టు నాలుగూ ఒకటే.

పదకొండో రోజు రాత్రి దొరికింది ఒక గొంతు.
"సార్, మీ మాట వింటే... మీది చిత్తూరా? మాది బంగారుపాళ్యం."
తర్వాత మెల్లగా,
"తెలుగులో వెతికితే మాకు కనపడదు సార్.
మిషన్‌కి మన అక్షరాలు రావు. దాని దగ్గర మీ పేరు వేరే."
చెప్పు తల్లీ, రాసుకుంటా.
"ఎక్స్. ఎన్. రెండు అడ్డగీతలు. తర్వాత..."
కాగితం అందలా, చేతిలో కుంచె ఉండాది,
ఆరని తలుపు మీదే రాసుకున్నా.
దీర్ఘం లేదు. తలకట్టు లేదు.
మా నాయన పెట్టిన పేరు కాదు,
ముండ్లకంచె.

"ఇప్పుడు విడిపిస్తే తొమ్మిది వేలు. ఇయ్యొద్దు సార్.
నేను చెప్పినానని చెప్పొద్దు.
డెబ్బై అయిదు రోజులకి వదిలేస్తారు.
ఎవురూ ఎత్తుకుపోకపోతే మళ్ళీ వంద రూపాయలే."
చిత్తూరు పెయింటరు పేరు ఎవురెత్తుకుపోతారమ్మా?
ఆ పిల్ల నవ్వలా.
"కంచి సామి పేరు కదా సార్" అన్నింది.

నీ పేరేంది తల్లీ అంటే,
"ఇక్కడ షీలా సార్."
ఇంట్లో?
కొంచేపు ఏమీ వినపడలా.
"ఇంకేదైనా సహాయం కావాలా సార్,
మీకు శుభరాత్రి" అన్నింది, వేరే గొంతుతో.

ఇది ముప్పై ఒకటో రోజు.
తలుపు కట్టమంచి డాక్టరుది,
రెండుసార్లు మనిషిని పంపినాడు.
మూడో కోటు వేస్తే ఆ రాత మునిగిపోతాది.
కాగితం మీదికి ఎత్తి రాసుకున్నా,
ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నా.
అయినా ఇంకా వెయ్యలా.