కూకోడం

కళింగపట్నం దీపస్తంభం వెనక
సూరాడ దానయ్య నాకు కూకోడం నేర్పుతున్నాడు.
ఓడలో వంట చేసే చీనా ముసలాయన దగ్గర
ఆయన నేర్చింది అదొక్కటేనట.

"బొడ్డు కింద మూడు వేళ్ళు. అక్కడికి ఊపిరి దించు.
లాగకు. లాగడానికి అదేటి, వలా?"

లాగాను.
కాలు తిమ్మిరెక్కింది.
ఎండుచేపల వాసన, కరెంటు బిల్లు,
పెదనాన్నతో ఎనిమిదేళ్ళ కిందటి గట్టు తగువు
వచ్చి నా ఎదురుగా కూకున్నాయి.

"తరిమీమంటావా?"
"నువ్వు పిలిస్తే వచ్చినాయేటి? అవే పోతాయి."

వంశధార సముద్రంలో కలిసేచోట
నీళ్ళు ఎటూ తేల్చుకోలేక కాసేపు ఆగుతాయి.
అప్పుడు ఒక్క ఊపిరి
నా ప్రమేయం లేకుండా లోపలికెళ్ళి
తిరిగొచ్చింది.

"వచ్చింది!" అని అరిచాను.

దానయ్య బీడీ ముట్టించాడు.
"పోయింది. రేపు రా."