సముద్రం ఒప్పుకోని ఆదివారం

ఫారో దీవుల్లో చిట్టచివరి ఊరు మాది.
పడవ దాటితే తప్ప పాస్టరు రాడు.
సముద్రం ఒప్పుకున్న ఆదివారం ప్రసంగం,
ఒప్పుకోని ఆదివారం నేను.
చర్చి తాళాలు, గంట తాడు, కొవ్వొత్తుల లెక్క నావి;
అచ్చయిన పేజీని ఉన్నదున్నట్టు చదవడం కూడా నా పనే.

నలభై ఏళ్ళలో ముగ్గురు మారారు.
వాక్యం మారలేదు.
తొంభై తొమ్మిదింటిని విడిచి
ఒక్కదాని కోసం పోయిన కాపరి కథ.
మనుషులకంటే గొర్రెలెక్కువున్న చోటు కదా,
వచ్చినవాళ్ళంతా మొదట దాన్నే అందుకునేవాళ్ళు.

మిచ్చల్ పాస్టరు లెక్కల మనిషి.
పడవ దిగగానే గడియారం సరిచూసుకునేవాడు.
ఆయన చేతిలో ఆ కథ చిట్టాపుస్తకమయ్యేది:
ఒకటి తగ్గిందని తెలిసిందంటే
కాపరి సాయంత్రం ఎంచాడన్నమాట.
ఎంచనివాడికి ఏదీ తప్పిపోదు.
ఆ మాట విని ఇంటికెళ్ళి
పాత బాకీలు తీర్చినవాళ్ళున్నారు మా ఊళ్ళో.

హైని పాస్టరుకు గొంతు ముందే తడిసేది.
పెళ్ళికీ చావుకీ ఒకటే కౌగిలి ఆయనది.
కాపరి భుజం దగ్గరకొచ్చేసరికి
రెండు చేతులూ పైకెత్తి, లేని గొర్రెను మోసేవాడు;
దాని తడి బొచ్చు మా అందరి మెడలకూ తగిలేది.
మరి ఆ తొంభై తొమ్మిదీ ఏమయ్యాయని అడిగితే
నవ్వి, ఇంకాస్త కాఫీ పొయ్యమనేవాడు.

తర్వాత రాన్‌వా వచ్చింది.
పలకరిస్తే ఒక్క మాట, మళ్ళీ పలకరిస్తే అదే మాట.
కాగితం మీంచి కళ్ళెత్తకుండా అంది:
"తప్పిపోయిందన్నది కాపరి.
గొర్రెనెవరూ అడగలేదు.
మంద చప్పుడుకు దూరంగా
కాసేపు ఉందామనుకుందేమో."
ముందువరుసలో ఎవరో దగ్గారు.
వెనకవరుసలో, ఎవరితోనూ కలవని బార్దుర్ కొడుకు
మొదటిసారి తలెత్తి చూశాడు.

మేం గొర్రెలవాళ్ళం, మాలో మేం నవ్వుకునేవాళ్ళం.
ఒక్కదాని కోసం కొండెక్కే వెర్రివాడెవడు?
చలికాలం ముందు ఊరంతా కలిసి తోలుకొచ్చేదాకా
చెవిగాటే దానికి కాపరి.

నాకు లోపల గర్వంగా ఉండేది.
ముగ్గురూ వాక్యంలో ఎవరి మొహం వాళ్ళు చూసుకున్నారు.
నేను చదివేవాణ్ణి అంతే.
ఉప్పు కలపను, నీళ్ళు కలపను.

మొన్న ఫిబ్రవరిలో మూడు వారాలు పడవ లేదు.
ఆ అధ్యాయమే వచ్చింది. చదివాను.
కామా దగ్గర కామా, చుక్క దగ్గర చుక్క.
దీపాలార్పి తలుపు వేస్తుంటే
తొంభై రెండేళ్ళ ఎల్స్‌పా, మెట్ల మీద మంచు కర్రతో గీరుతూ,
"ఇవాళ నీ ప్రసంగం బావుంది" అంది.

నేను ప్రసంగం చెయ్యలేదన్నాను.

"చేశావు. 'వెళ్ళాడు' దగ్గర ఆగావు.
ఆరిన కొవ్వొత్తి మళ్ళీ వెలిగించుకొచ్చేంత సేపు ఆగావు.
'దొరికింది' అన్న మాటను మాత్రం
కాలే గిన్నెలా పట్టుకుని టక్కున దించేశావు."

పడవల కొట్టంలో మేకుకు ఒక తాడుంది.
మా అన్న తోర్మొద్ దాన్ని నడుముకు కట్టుకుని
కొండచరియ దిగాడు,
అంచు మీద చిక్కుకున్న చూడిగొర్రె కోసం.
గొర్రె మర్నాడు దానంతటదే పైకొచ్చింది.
పై కొస పట్టుకున్నది నేను.
నాకప్పుడు పదిహేడేళ్ళు.

వాక్యంలో ఎక్కడా తాడు లేదు.
ఆ రాత్రి దీపం దగ్గరికి జరిపి వెతికాను,
మిచ్చల్‌లా వేలుపెట్టి ఒక్కో మాటా ఎంచి.
లేదు.

గాలి ఇంకా పడమటి నుంచే వీస్తోంది.
ఈ ఆదివారమూ సముద్రం ఒప్పుకోకపోతే
చదవాల్సింది నేనే.
ఆ పుస్తకం పట్టుకోవాల్సింది
ఈ అరచేతులతోనే.