బతాకా

జీతం అంకె బాగానే ఉంది.
మెయిలు మూడోసారి చదివినప్పుడు గానీ
అడుగున ఆ చిన్న మాట కంటబడలేదు.
లెవెల్ రెండు.

దోహా, నజ్మాలో, బకాలా పైన ఐదు మంచాల గది.
కిటికీ పక్క మంచం నాది, అందుకు నెలకు యాభై రియాళ్లు ఎక్కువ.
ఎందుకని ఎన్నడూ అడగలేదు.
పనిలో చేరి మూడేళ్లు.
రాత్రి రెండింటికి సర్వర్లు పడిపోతే లేపేది నన్నే.
పోయిన రంజాన్‌లో పేమెంట్ల వ్యవస్థనంతా
పాతింటి నుంచి కొత్తింటికి
ఒక్క గ్లాసు పగలకుండా మార్చింది నేనే.
లెవెల్ రెండంటే మాత్రం
ఇంకొకరు చూసి సరే అంటేనే
నా పని పని అవుతుంది.

పోశెట్టన్న డ్యూటీ దిగి బూట్లు విప్పుతున్నాడు.
"పైసలు మంచిగున్నయి గద, తీస్కోరాదు."
సంగతి చెప్పాను.
లెవెల్ అంటే ఏందో ఆయనకి చెప్పడానికి
నాకు సరైన మాట దొరకలేదు.
ఆయనే వెతికి పెట్టాడు,
పర్సులోంచి బతాకా తీసి నా అరచేతిలో పెట్టి.

ఫోటోలో మీసం ఇంకా నల్లగానే ఉంది.
వృత్తి: హెల్పర్.

"ఏసీలు బాగుచెయ్యవట్టి పదకొండేండ్లాయె.
వెస్ట్ బేల ఏ బిల్డింగు చిల్లర్ ఎట్ల మూలుగుతదో
కండ్లు మూసుకోని చెప్త.
ఇంకో కంపెనీకి పోతే
వాడు కార్డు చూస్తడు, చెయ్యి చూడడు.
మొదటి దినమే అడుగుదామనుకున్న.
టికెట్ పెట్టి తెచ్చినోడాయె, ఏం బాగుంటదని ఊకున్న.
గా ఒక్క దినం ఊకున్నదే."

తర్వాత గిన్నెలో అన్నం కలుపుకుంటూ, నా వైపు చూడకుండా:
"అడుగు. అడిగినంక నోరు మూసుకో.
చేపల మార్కెట్ల సూడలేదా,
ధర చెప్పినంక ఎవడు ముందు మాట్లాడితే వాడే పోతడు."

మర్నాడు డాబా మీద, నీళ్ల ట్యాంకుల నీడలో ఫోను.
ఏం చెప్పాలో బకాలా బిల్లు వెనక రాసుకున్నాను,
చెమటకి సగం అక్షరాలు కరిగాయి.
అటువైపు హనాన్ గొంతు, ఖర్జూరంలా మెత్తగా,
లోపల గింజతో.
"లెవెల్ కమిటీ నిర్ణయం, మార్చలేం.
ప్రయాణ భత్యం రెండు వందలు కలపగలను."
థాంక్యూ మేడమ్ నాలుక చివరిదాకా వచ్చింది.
అది నా నోట్లో చిన్నప్పటి నుంచి కాపురముంటున్న మాట.
మింగేశాను.
"భత్యం వద్దండీ. నేను చేస్తున్నది మూడో లెవెల్ పని.
ఆ పేరు కావాలి."

ఇక మాట్లాడలేదు.
కంప్రెసర్ ఒకటి ఆగింది, మళ్లీ మొదలైంది.
పక్క డాబా మీద ఎవరిదో బనియన్
ఆరిపోయి గట్టిపడి, గాలికి కదలడం లేదు.
లైను తెగిందేమో అనుకున్నాను.
తెగితే నా ఉద్యోగం కూడా తెగినట్టే అనుకున్నాను.
చెవికి ఫోను కాలుతోంది.

"ఇంకో ఇంటర్వ్యూ ఇస్తారా?" అంది హనాన్.

ఇచ్చాను. రెండు గంటలు, బోర్డు ముందు నిలబడి.
బుధవారం కాగితం వచ్చింది.
లెవెల్ మూడు. జీతం అదే.
ఆ రెండు వందలు లేవు.

"ఎంత పెంచిన్రు?"
"ఏం పెంచలే అన్నా."
"మరి?"
"పేరు మార్చిన్రు."
పోశెట్టన్న నవ్వుతాడనుకున్నాను.
చాలాసేపు ఏసీ ఫిల్టరు దులుపుతూ కూచున్నాడు,
దుమ్మంతా పోయాక కూడా.

రాత్రి పదకొండింటికి
నా మంచం అంచున కూర్చుని, "కంప్యూటర్ తియ్యి" అన్నాడు.
"మా మేనేజరుకు ఒక చిట్టీ రాయాలె."
"ఏమని?"
"హెల్పర్ గాదని."

మొదలుపెట్టాను.
"అన్నా, దయచేసి అని పెట్టాల్నా?"
ఆలోచించాడు.
"ఒక్కసారి పెట్టు.
రెండోసారి వద్దు."