రెండో కోటు

ఆ రాత్రి మా తెగ్వెన్ ఇంటికి
రెండు రెయిన్‌కోట్లతో వచ్చింది.
ఒకటి ఒంటి మీద. ఒకటి చంకలో,
తడిసిన పిల్లిని ఎత్తుకొచ్చినట్టు.

"ఎవరిదే?" అన్నాను.
"మర్చిపోయింది" అంది.
ఎవరో చెప్పలేదు. మెట్లెక్కిపోయింది.
స్నానాల గదిలో చాలాసేపు నీళ్లు పడుతూనే ఉన్నాయి.

మాది వేల్స్ కొండల్లో పలకరాతి ఊరు.
కొండని కోసి, పొరలు పొరలుగా చీల్చి
ఎక్కడెక్కడి ఇళ్లకో కప్పులు పంపిన ఊరు.
బడి పిల్లల పలకలూ ఒకప్పుడు ఇక్కణ్ణించే వెళ్లేవి,
తడిగుడ్డతో ఒక్క తుడుపు తుడిస్తే
రాసిందంతా పోయేది.
మా తాతకి కుడిచేతి వేళ్లు మూడే,
మిగతా రెండూ కొండ ఉంచేసుకుంది.
క్వారీ మూసేశాక గుంటలో నీళ్లు నిండాయి.
నెమలి మెడ రంగు నీళ్లు,
నడివేసవిలోనూ ఎముకలు కొరికే నీళ్లు.
అటు వెళ్లొద్దని పిల్లలకి చెబుతాం.
మాకూ చెప్పారు. మేమూ వెళ్లాం.

కోటు తీసి వంటింటి కుర్చీ మీద ఆరేశాను.
కాలరు లోపల తెల్ల పట్టీ,
ఎర్ర దారంతో కుట్టిన పేరు: మెరెరిద్.
ఆ కుట్టు నాకు తెలుసు. ఒల్వెన్‌ది.
శనివారాలు ఒకే బల్ల దగ్గర
ఒకే దారపుండ పంచుకుని కుట్టుకునేవాళ్లం.
పదిహేనేళ్ల పిల్ల కోటుకి ఇంకా పేరు కుట్టే తల్లి.
పిల్లలు దానికే నవ్వారట.
మొదలు అదేనట.

అయిదుగురు వెళ్లారు.
"మాట్లాడుకుందాం రా" అని ఫోన్లో రాశారు,
చివర ఒక నవ్వు బొమ్మ.
పిలిచింది హెలెద్. జుట్టు పట్టుకుంది మాబ్లి.
రాయి సియోనెద్ చేతిలోదంటారు;
ఎవరి చేతిలోదో ముగ్గురూ మూడు రకాలుగా చెప్పారు.
మా తెగ్వెన్ అందరి కోట్లూ పట్టుకుని నిలబడింది.
"నేనేం చెయ్యలేదు, కోట్లే పట్టుకున్నాను"
కోర్టులో వెక్కిళ్ల మధ్య అంది.
నిజమే.
కింద పెట్టి ఉంటే
చేతులు ఖాళీ అయ్యేవి.

"కన్నకూతుర్ని పట్టిచ్చిన తల్లి"
పత్రికవాళ్లు నా ఫోటో వేసి రాశారు.
ధైర్యం అన్నారు.
పది నలభైకి పేరు చదివాను.
పన్నెండూ పదికి పోలీసులకి ఫోన్ చేశాను.
మధ్యలో టీ పెట్టాను, తాగలేదు.
జేబులు వెతికాను: బస్సు టికెట్టు,
పుదీనా బిళ్ల చుట్టిన కాగితం.
బట్టల మిషను తలుపు తెరిచాను.
అవును, తెరిచాను. కోటు లోపల పెట్టాను కూడా.
సబ్బు పొడి చేతిలోనే ఉంది.

అప్పుడు పైన నీళ్లు ఆగాయి.
"అమ్మా, తినడానికేమైనా ఉందా?"
ఎప్పటి గొంతే. రోజూ బడి నుంచి వచ్చి అడిగే గొంతే.
కోటు బయటికి తీశాను.

డాక్టరు సాక్ష్యం చెప్పాడు.
నీళ్ల అంచున రాతి మెట్టు మీద
పిల్లకి కొంతసేపు ఊపిరి ఉందట.
కొంతసేపంటే ఎంతని
ఏ లాయరూ అడగలేదు.
వంటింటి గడియారాన్ని నేను అడుగుతూనే ఉన్నాను.

నెలకి రెండుసార్లు వెళ్లి తెగ్వెన్‌ని చూస్తాను.
సన్నబడింది. జడ వేసుకోవడం మానేసింది.
ఆ రాత్రి గురించి మాట్లాడుకోం.
అక్కడి బఠానీల కూర గురించి మాట్లాడుకుంటాం.

విచారణ అయ్యాక సామాన్లు తిరిగిచ్చేశారు.
ఒక సాయంత్రం ఒల్వెన్ మా గుమ్మం ముందు,
చేతిలో సీలు విప్పని ప్లాస్టిక్ సంచి.
తిడుతుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను.
తిట్టి ఉంటే బాగుండేది.

"ఆ రాత్రి దీన్ని ఆరేశావా?" అంది.
"ఆరేశాను."
"మంచి పని చేశావు" అంది,
"దానికి తడి పడదు."