తూగు

ఇల్లు చూపించిన బ్రోకరు
గోడ మీద అరచేత్తో రెండుసార్లు చరిచాడు.
"పాతకాలం కట్టుబడి మేడమ్, తొమ్మిదంగుళాల గోడ.
పక్కింట్లో పెళ్ళి జరిగినా మీకు వినపడదు."
ఆ తొమ్మిదంగుళాలకీ
నెలకి ఐదొందలు ఎక్కువే ఒప్పుకున్నాను.

పళవంతాంగల్ స్టేషన్‌కి ఏడు నిమిషాల నడక.
మూడంతస్తులు, పన్నెండు ఇళ్ళు, లిఫ్టు లేదు.
గేటు మీది పేరులో రెండక్షరాలు రాలిపోయాయి.
నాది రాత్రి ఉద్యోగం.
ఆసుపత్రి ల్యాబులో తెల్లారేదాకా
ఎవరెవరి నెత్తురో గాజుపలకల మీద పరిచి
కణాలు లెక్కపెడతాను.
ఊరు డికాక్షను వాసనతో లేచే వేళకి
కర్టెన్లు లాగి, ఫ్యాను ఐదులో పెట్టి
రాయిలా పడిపోతాను.

పదకొండు నెలలు.
డాబా మీద ఆరేసిన చీరల్ని తాకుతాయేమో అన్నట్టు దిగే
విమానాలు తప్ప
నన్నెవరూ లేపలేదు.
మంచి గోడలు, అనుకున్నాను.
డబ్బు దండగ కాలేదు.

మొన్న బుధవారం ఒళ్ళు వెచ్చబడి సెలవు పెట్టాను.
రాత్రంతా పడుకున్నదాన్ని, పగలు ఇక నిద్రేం వస్తుంది?
మంచం మీద కళ్ళు మూసుకుని ఉన్నాను, అంతే.

ముందు ఆకుకూరల ఆవిడ.
వీధి మొదట్లో "కీరై" అని ఎత్తుకున్న గొంతు
మా గేటు దగ్గర మింగేసి
మూల తిరిగాక మళ్ళీ విప్పింది.
తొమ్మిదిన్నరకి గ్యాస్ బండ వచ్చింది.
మెట్ల మీద దొర్లిన మోత కాదు,
భుజానికెత్తుకున్న మనిషి ఆయాసం, ఒక్కో మెట్టుకీ ఒకటి.
ఎదురింటి మంగైయర్కరసి గారి మిక్సీ
ఎక్కడో వెనక బాల్కనీలో
తువ్వాలు కప్పుకున్న గొంతుతో గురగురలాడింది.
పై ఇంట్లో డ్రిల్లు ఒక్కసారి గుర్రుమందో లేదో
సెక్రటరీ తిరునావుక్కరసు గారి చెప్పులు
టపటపా పైకెక్కాయి. "ఇప్పుడొద్దు. నాలుగు దాటాక."

వేసవి సెలవుల పిల్లల బంతి
తప్పించుకొచ్చి నా తలుపుకి తగిలింది.
మెట్లన్నీ ఊపిరి బిగబట్టాయి.
తర్వాత ఒక బుల్లి గొంతు, పళ్ళ మధ్య నుంచి:
"డేయ్ కబిలా! అక్కా తూంగుదుడా!"

వాళ్ళ భాషలో తూంగడమంటే నిద్రపోవడం.
మా భాషలో తూగడమంటే
త్రాసులో ఎదుటి తట్టకి సరిపోవడం.
ఆ రెండు మాటల మధ్య పడుకుని
కప్పు చూస్తూ ఉండిపోయాను.
ఒక తట్టలో నా నిద్ర.
ఇంకో తట్టలో పదకొండు ఇళ్ళ చప్పుడు,
ఒక కుర్రాడి నడుం నొప్పి,
ఒక చట్నీ, కొట్టకుండా వదిలేసిన ఒక సిక్సరు.

ఎవరు చెప్పారు వీళ్ళకి?
నోటీసు బోర్డు మీద ఉండేది నీళ్ళ లారీల లెక్క,
మెయింటెనెన్సు బాకీలు. ఏప్రిల్ బాకీల్లో నా నంబరూ ఉంది.
మీటింగు ఒక్కదానికీ నేను వెళ్ళలేదు.
మంగైయర్కరసి గారితో ఇన్నాళ్ళలో నేనన్నవి
"వణక్కం" ఒకటి,
"పాలవాడు వచ్చాడా" ఒకటి.

లేచి, గోడ మీద వేళ్ళతో తట్టి చూశాను.
డొల్లగా మోగింది.
అవతల ఎవరో వెంటనే టీవీ గొంతు తగ్గించారు.

ఇక కదలడానికి భయమేసింది.
దాహం వేసినా
నాలుగు దాకా అలాగే పడుకున్నాను,
వాళ్ళు కాపాడుతున్న నిద్రని
నేను మాత్రం ఎలా చెడగొట్టను?

నాలుగైంది. ఒక విమానం పోయింది.
దానికింకా ఎవరూ చెప్పినట్టు లేదు.
వంటింట్లోకెళ్ళి స్టీలు గ్లాసు తీసి
తల ఎత్తు నుంచి నేల మీదికి వదిలేశాను.
అది ఎగిరి, దొర్లి, గిరగిరా తిరిగి
తీరిగ్గా ఆగింది.

ఒక్క క్షణం.
మిక్సీ సొంత గొంతుతో కేకేసింది.
డ్రిల్లు గోడలోకి దిగింది.
మెట్ల మీద ఎవడో అవుటయ్యాడు, కాలేదని ఏడ్చాడు.

ఇప్పుడు రోజూ నాలుగింటికి
ఆ గ్లాసే పడేస్తున్నాను.
అంచుకి సొట్ట పడింది.
నీళ్ళు తాగుతుంటే పెదవికి తెలుస్తుంది.