లంగరు

దాని పేరు లంగరు.
పెట్టింది మా మావయ్య దాలయ్య,
ఆపిన చోట ఆగిపోతుందని.
డెక్కలు ఒక్కొక్కటీ సత్తు గిన్నెంత,
రొమ్ము మా వీధి తలుపంత.
మెడపట్టీ ఒరిసిన చోట
వెంట్రుక మళ్లీ మొలవని నున్నటి మచ్చ.

పదకొండేళ్లు గోళీసోడా బండి లాగింది.
బురుజుపేట దిగి చేపల రేవు దాకా నిండు సీసాలు,
అటునుంచి ఖాళీ సీసాలతో మళ్లీ ఎత్తు.
సీసాకి సీసా తగిలి గల్లుమంటే
మావయ్య కొట్టేవాడు కాదు,
ఊరికే పెదవి విరిచి "చ్చ" అనేవాడు.
ఆ "చ్చ" వినకూడదనే కాబోలు
లంగరు ఒక నడక నేర్చుకుంది:
కాలు ముందు దించి,
నేల ఒప్పుకున్నాకే బరువు వేసే నడక.

ప్లాస్టిక్ సీసాలొచ్చాయి. మావయ్య పోయాడు.
బండి ఇరుసుని పాతసామాన్లవాడు
కిలోల లెక్కన పట్టుకెళ్లాడు.
గుర్రాన్ని కూడా అడిగాడొకడు.
ఎందుకని నేనడగలేదు.

ఎండాడ అవతల మైదానంలో
ఒకప్పుడు పోలీసు గుర్రాలు నడిపిన పోలిరాజు గారు
పిల్లలకి సవారీ నేర్పుతారు.
అన్నీ సన్నకాళ్ల గుర్రాలు, గాలికి పుట్టినట్టు.
మమ్మల్ని చూసి ఒక గుంటడు
"ఆంటీ, ఇది గుర్రమా, క్రేనా?" అన్నాడు.
పోలిరాజు గారు దాని మోకాళ్లు తడిమి, పళ్లు చూసి,
నన్ను కూడా ఓసారి కిందనుంచి పైకి చూసి
(ఎనభై ఆరు కిలోలు, దాచేదేటుంది)
"దూకించకమ్మా. ఆ ఎముకలు దూకడానికి కావు.
పరుగు పందేలూ వద్దు.
నడిచే ఆటలున్నాయి, అవి ఆడించు.
నీకూ దానికీ సరిపోతాయి" అన్నారు.

నలభై నాలుగో ఏట మొదటిసారి గుర్రమెక్కాను,
సోడా పెట్టె మీద కాలేసి.

నేల మీద పరిచిన సరుగుడు వాసాలు
ఒక్కటీ తగలకుండా దాటడం,
నీలం డ్రమ్ముల మధ్య మెలికలు తిరగడం,
జీను మీంచే గేటు తీసి, దాటి, మళ్లీ వేయడం,
వెనక్కి నాలుగడుగులు.
వెనక్కి నడవడం దానికి వచ్చు.
పాతూరి సందుల్లో లారీ ఎదురైతే మరి అదే గతి.
నాకే రాదు.

మాఘంలో ఆదివారం పోటీ.
ఆఖరున నీళ్ల గ్లాసు ఆట:
ఒక చేత కళ్లెం, ఒక చేత అంచుదాకా నీళ్లు,
మైదానం చుట్టి రావాలి.
ఎంత ఒలికిందో స్కేలు పెట్టి చూస్తారు.
తెల్లగుర్రం మీద వెళ్లిన కుర్రాడు
సగం నీళ్లు తన ప్యాంటుకే తాగించాడు.

మా వంతు.
కింద అంత కండ కదులుతోందని
పైన నీళ్లకి కబురే అందలేదు.
సముద్రం గాలికి నా చెంగే వణికింది గాని
గ్లాసు నిద్రపోయినట్టుంది.

సగం దూరంలో, షామియానా ముందు,
జనం కుర్చీలేసుక్కూర్చున్న చోట
లంగరు ఆగిపోయింది.
మడమ తాకించాను. బాబూ అన్నాను. నాయనా అన్నాను.
చెవులు ముందుకి పెట్టి చూస్తోంది,
ఎవరో ఒకరు లేచొచ్చి
సీసాలు దింపుకుంటారని.

నవ్వులు. ఈల. మాడు మీద ఎండ.
ఇలాంటప్పుడు మావయ్య ఏంచేసేవాడో గుర్తొచ్చింది.
ఎవరూ కొనకపోతే తనే ఒకటి కొట్టుకు తాగేవాడు.
గోళీ దిగిన చప్పుడుకి బండి కదిలేది.

అంగిట్లో నాలుక కొట్టి "టప్" అన్నాను.
గ్లాసెత్తి ఒక గుక్క తాగాను.
లంగరు కదిలింది.

"ఒక వేలెడు తక్కువ" అన్నాడు స్కేలు పట్టుకున్నాయన.
"ఒలకలేదు బాబూ, దాహమేసి తాగీసాను" అన్నాను.
ఆయన కాగితంలో దానికి గడి లేదు.
నాలుగో స్థానం రాసుకున్నాడు.

మిగిలిన నీళ్లు లంగరుకి పట్టబోతే
మూతి గ్లాసులో దూరలేదు.
నా దోసిట్లో పోయించుకు తాగింది.

తిరిగొచ్చేటప్పుడు హనుమంతవాక దాకా
నలుగురు కనబడిన ప్రతి బడ్డీ దగ్గరా
ఆగాం.